కొట్టంలో టర్బో

లేపాక్షి చుట్టుపక్కల పల్లెల్లో టర్బో అన్న పేరు తెలియకముందే దాని ఈల తెలుసు. రాత్రిపూట పొలంలో బోరు లారీ పని మొదలుపెడితే ఆ చప్పుడు పక్క ఊరికి కూడా వినబడుతుంది. కంప్రెసర్‌ను తిప్పే పెద్ద డీజిల్ ఇంజను మీద బరువు పడగానే గుర్రుమనే మోతకు పైన సన్నని ఈల ఒకటి లేస్తుంది. సుత్తి రాతిని దంచుతున్నంతసేపూ అది హెచ్చుగానే ఉంటుంది. రాడ్డు మార్చడానికి ఆపితే తగ్గుతుంది. గుంతలోంచి బూడిదరంగు రాతిపొడి ఎగజిమ్ముతుంటే గట్టు మీద కూర్చున్న రైతు ఆ పొడి తడిగా మారుతుందేమోనని తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉంటాడు. ఆ ఈల టర్బోచార్జర్‌ది. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే ఉన్న నేల ఇది. ఆ కాస్త వానా అదనుకు రాదు. చెరువులు, బావులు ఎండిపోయి, వందల అడుగుల లోతున రాతి పగుళ్లలో నీళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది కనుకే ఆ యంత్రం ఇంత మారుమూలకు అంత ముందుగా చేరింది.

బోరు లారీలు చాలావరకు తమిళనాడులోని తిరుచెంగోడువి. వాటితో పాటు వాటి చదువూ వచ్చింది. "టర్బో చల్లారనీప్పా, అప్పుడే ఆఫ్ చేయొద్దు" అన్న మాట ఏ పుస్తకంలోనూ చదవకుండానే ట్రాక్టరు డ్రైవర్లకూ బొలేరో నడిపేవాళ్లకూ ఒంటబట్టింది. ఆ మాట వెనక కారణం గట్టిది. ఎగ్జాస్టు వేడికి కాగిపోయిన గూటిలో టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. షాఫ్టుకూ బేరింగుకూ నడుమ పారే పలుచని ఆయిల్ పొర మీదే ఆ తిరుగుడంతా. ఇంజను ఆపితే ఆయిల్ పారడం ఆగిపోతుంది కానీ వేడి అక్కడే ఉంటుంది. కదలకుండా నిలిచిన ఆయిల్ మాడి, గట్టిపడి, దారి మూసేస్తుంది. రెండు నిమిషాలు ఖాళీగా నడవనిస్తే ఆ వేడిని ఆయిలే మోసుకుపోతుంది.

ఈ ప్రాంతానికి టర్బో రెండోసారి వచ్చింది కియా కార్ల రూపంలో. 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచి మెట్టభూముల్లో, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఫ్యాక్టరీ లేచింది. 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజనుతో 140 హార్స్‌పవర్. మరుసటి ఏడాది సెప్టెంబరులో సోనెట్ వచ్చింది. మూడే సిలిండర్లు, ఒకే లీటరు, అయినా 120 హార్స్‌పవర్. 2023లో పది లక్షలవ కారు ఇక్కడి నుంచే బయటికొచ్చింది. హంద్రీ-నీవా కాలువ మీదుగా గొల్లపల్లి రిజర్వాయరుకు చేరిన కృష్ణా నీళ్లు ఆ ఫ్యాక్టరీని నడిపిస్తున్నాయి. నీళ్ల కోసం టర్బో తెచ్చుకున్న సీమలో, నీళ్లు రావడంతో టర్బో కార్లే తయారవుతున్నాయి.

అయితే నేను రాయాలనుకున్నది బోరు లారీ గురించీ కాదు, ఫ్యాక్టరీ గురించీ కాదు. ఆ రెండింటికీ మధ్యన ఉండాల్సిన మూడో చోటు గురించి. ఫ్యాక్టరీలో పనిచేసే కుర్రాడికి తన వంతు బోల్టులు తెలుస్తాయి. రోడ్డు పక్క మెకానిక్‌కు చెడిపోయిన భాగం తెలుస్తుంది. మొత్తం ఇంజన్ని ఒకడే విప్పి, ఎందుకిలా ఉందని ఆలోచించి, మార్చి, మళ్లీ ప్రాణం పోయడం మాత్రం సొంత ఇంట్లో, సొంత కొట్టంలో, సొంత కారు మీదే కుదురుతుంది. ప్రపంచమంతా దాన్ని ప్రాజెక్ట్ కార్ అంటోంది. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఎందరో ఇంజనీర్లు అలాంటి గదుల నుంచే వచ్చారు. లోటస్ కంపెనీ స్థాపించిన కోలిన్ చాప్‌మన్ 1948లో తన మొదటి కారును ఒక పాత ఆస్టిన్ సెవెన్ మీద, స్నేహితురాలి తల్లిదండ్రుల ఇంటి వెనక గ్యారేజీలో కట్టాడు. తర్వాతి రోజుల్లో ఆ కంపెనీ ఫార్ములా వన్ ప్రపంచ టైటిళ్లు గెలుచుకుంది.

మనవైపు ఇళ్లలో కారుకోసం గ్యారేజీ కట్టుకున్నవాళ్లు తక్కువ. కానీ ఎద్దులు పోయి, ట్రాక్టరు వచ్చాక ఖాళీ అయిన పశువుల కొట్టాలు ఊరూరా ఉన్నాయి. నేల గచ్చు చేసి, పైన రేకులు సరిచేసి, మంచి ఇనుప దూలానికి చైన్ బ్లాకు వేలాడదీస్తే అదే వర్క్‌షాపు. లేత్ పని కావాలంటే హిందూపురం 15 కిలోమీటర్లు. దొరకని సామాను కోసం బెంగళూరు జేసీ రోడ్డుకు పొద్దున వెళితే రాత్రికి ఇంటికి రావచ్చు. ఇంతటి అనువు ఎన్ని పల్లెలకుంది?

లేపాక్షిని నేను గుడి ఊరుగా ఎంత చూస్తానో పనివాళ్ల ఊరుగా కూడా అంత చూస్తాను. అచ్యుతదేవరాయల కాలంలో, పదహారో శతాబ్దంలో, పెనుకొండ రాజ్యాధికారి విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం అది. వచ్చినవాళ్లు ఒకే రాతిలో చెక్కిన 27 అడుగుల నందిని చూస్తారు, వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తారు, ఏడు పడగల నాగలింగం దగ్గర ఫొటో దిగుతారు. తల్లి అన్నం వండేలోపు ఆ నాగును శిల్పులు చెక్కేశారని ఊళ్లో కథ చెబుతారు. నా కాళ్లు మాత్రం ఆవరణలోని రాతినేల దగ్గర ఆగిపోతాయి. అక్కడ బండలో కంచాల్లా గుండ్రంగా, అంచుల వారగా చిన్న చిన్న గిన్నె గుంటలతో చెక్కిన పళ్లేలున్నాయి. శిల్పులు వాటిలో అన్నం తిన్నారని కొందరు, చిత్రకారులు రంగులు కలుపుకున్నారని కొందరు అంటారు. ఏదైనా సరే, అవి దేవుడి కోసం చెక్కినవి కావు, పనిచేసే మనిషి కోసం చెక్కినవి. కల్యాణ మండపం పైకప్పు లేకుండానే నిలిచిపోయింది. మన పూర్వీకుల పనిచోటు ఇంత పచ్చిగా మిగిలి ఉండడం అరుదు. మన దగ్గర చేతిపనికి దొరికే గౌరవం ఆ కాలం తర్వాత ఎందుకు తరిగిందో ఆలోచించాలనిపిస్తుంది.

ఇక ఆదివారం పొద్దున బెంగళూరు నుంచి 120 కిలోమీటర్లు దూసుకొచ్చిన కార్లు నంది దగ్గర వరుసగా ఆగుతాయి. వాటిలో చాలావాటి వెనక టర్బో బ్యాడ్జీ ఉంటుంది. మన పిల్లలు చుట్టూ చేరి చూస్తారు. ఆ బానెట్ కింద ఉన్నదాన్ని వాళ్లు అర్థం చేసుకోగలరు, తమ చేతుల్తో చేయగలరు కూడా. ఎలా చేయాలో కొంచెం వివరంగా చెబుతాను.

పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలికి ఒక హద్దుంది. గాలి ఎంతో పెట్రోలూ అంతే, శక్తీ అంతే. కాలిన పొగ మాత్రం ఎంతో వేగం, వేడి మోసుకుంటూ సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. చెరువు మరువ పారి వృథాగా పోయే నీళ్లను కాలవ తీసి మళ్లీ మడికి మళ్లించుకున్నట్టు, ఆ పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే షాఫ్టు రెండో కొసన ఉన్న చక్రంతో బయటి గాలిని ఇంజనులోకి కూరడమే టర్బో చేసే పని. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఎత్తైన చోట పలుచబడిన గాలికి విరుగుడుగా ఇది ఎంత పనికొస్తుందో 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ చూపించాడు. 14,000 అడుగుల పైక్స్ పీక్ కొండ మీదికి విమానం ఇంజన్ని మోసుకెళ్లాడు. కింద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఆ ఇంజను పైన 230కి పడిపోయింది. టర్బో బిగించాక 356 ఇచ్చింది. మన హిందూపురం పీఠభూమి అంత ఎత్తు కాదు, 620 మీటర్లే. అయినా ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే ఏడు శాతం తక్కువ. మామూలు ఇంజను ఆ మేరకు మందగిస్తుంది, టర్బో ఉన్నది ఆ లోటు పూడ్చుకుంటుంది.

మొదటిసారి చేసేవాడికి నా ఓటు పాత మారుతి 800కే. 796 సీసీ, మూడు సిలిండర్లు, సుమారు 37 హార్స్‌పవర్. ఇంజను చైన్ బ్లాకు మీద సులువుగా లేస్తుంది. పాత సామాను ఎక్కడైనా దొరుకుతుంది. దీనికో మంచి వంశం కూడా ఉంది. మన వీధుల్లో తిరిగిన మారుతి 800కు మూలమైన తరం సుజుకి ఆల్టోలోనే జపాన్‌లో 1987లో ఆల్టో వర్క్స్ వచ్చింది. 543 సీసీ ఇంజనుకు టర్బో పెట్టి 64 హార్స్‌పవర్ తీశారు. మన 800 కంటే ఎంతో చిన్న ఇంజను. ఆ లెక్క చూసి ఆశపడడం సహజమే. కానీ సుజుకి ఇంజనీర్లు పిస్టన్ల నుంచి హెడ్ దాకా దాన్ని టర్బో కోసమే తయారుచేశారు. మామూలు 800కు టర్బో పెట్టేవాడు 0.4 బార్ ఒత్తిడి దగ్గర ఆగిపోవాలి. అంతకే శక్తి 50 హార్స్‌పవర్ దాటుతుంది, ఆరున్నర క్వింటాళ్ల బండికి అది చాలా తేడా.

సెకండ్ హ్యాండ్ టర్బో కొనేటప్పుడు చూడాల్సింది షాఫ్టు. గాలిని కూరే కంప్రెసర్ చక్రం మధ్యనున్న నట్టును బొటనవేలితో, చూపుడువేలితో పట్టుకుని పక్కలకు కదపండి. కొద్దిగా కదిలితే భయం లేదు, ఆయిల్ పొరకు ఆ ఖాళీ కావాలి. ముందుకూ వెనక్కీ లాగి చూడండి. అటు ఆట తగిలితే ఆ టర్బో వద్దు. రెక్కల అంచులు గూటి గోడకు గీసుకున్న మెరుపు కనబడితే ఎంత తక్కువకిచ్చినా వద్దు. డీజిల్ కారు నుంచి ఊడదీసిన టర్బో చవకగా దొరుకుతుంది. పెట్రోల్ ఎగ్జాస్టు వేడి డీజిల్‌ కంటే ఎక్కువ, 900 డిగ్రీలకు చేరగలదు. దాన్ని తట్టుకునే లోహమా కాదా తెలుసుకోకుండా బిగించకూడదు.

బిగించేటప్పుడు కొత్తవాళ్లంతా దెబ్బతినేది ఆయిల్ వెనక్కి వచ్చే గొట్టం దగ్గర. టర్బోలోకి ఆయిల్ పంపు ఒత్తిడితో వెళుతుంది. బయటికొచ్చేటప్పుడు ఏ ఒత్తిడీ ఉండదు, నురగ కట్టి తన బరువుతో తానే కిందికి జారాలి. అందుకే ఆ గొట్టం లావుగా ఉండాలి, ఎక్కడా పైకి వంగకుండా ఏటవాలుగా ఇంజను అడుగునున్న ఆయిల్ సంపులోకి దిగాలి, సంపులో ఆయిల్ మట్టానికి పైన కలవాలి. చోటు లేదని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పితే ఆయిల్ టర్బోలోనే నిలిచి, సీలు దాటి, ఎగ్జాస్టులో పడుతుంది. వీధంతా నీలిపొగ కమ్ముతుంది. అప్పుడు అందరూ టర్బో పోయిందంటారు. పోయింది టర్బో కాదు, గొట్టం వాలు.

మన ఎండలకు, టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ తప్పనిసరి. ఏప్రిల్‌లో 40 డిగ్రీల గాలిని 0.4 బార్ ఒత్తిడికి నొక్కితే అది 90 డిగ్రీల దగ్గరకు వేడెక్కుతుంది. ఆ వేడిగాలి సిలిండర్‌లోకి పోతే స్పార్కు పడ్డాక మంట తన దాకా చేరకముందే మిగిలిన పెట్రోల్ అదుపు లేకుండా భగ్గుమంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. డబ్బాలో గులకరాళ్లు కదిలిన చప్పుడు విన్నా వినకపోయినా పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగిపోవడానికి కొన్ని క్షణాలు చాలు. అందుకే ఒత్తిడి పెరిగిన చోట స్పార్కును ఆలస్యం చేయాలి, పెట్రోలు పెంచాలి. మామూలుగా ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అయితే, టర్బో ఒత్తిడి మీద 12 పాళ్లకు తగ్గించాలి. ఈ పని చెవితో, ముక్కుతో చేసేది కాదు. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, విడిగా ప్రోగ్రాం చేసుకునే ఇంజను కంప్యూటరుతో, అంటే ఈసీయూతో, చేయాలి. పాత కార్బురేటర్ మోడల్ కంటే, ఈసీయూ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ మోడల్ మీద మొదలుపెట్టమనేది ఇందుకే.

ఈ నేలకు సొంతమైన జాగ్రత్తలు రెండున్నాయి. బోరు నీళ్లు రేడియేటర్‌లో పోయకండి. ఉప్పులూ సున్నమూ ఎక్కువున్న ఆ నీళ్లకు లోపల పొలుసు కట్టి, సన్నని దారులు మూసుకుపోతాయి. మన పాత జీపులు ఎండాకాలం దారిలో ఉడికిపోవడానికి సగం కారణం అదే. కొనుక్కొచ్చిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి. రెండోది ఎర్రదుమ్ము. లక్ష చుట్లు తిరిగే అల్యూమినియం రెక్కల మీద ఇసుక రేణువు పడితే అంచులు అరిగిపోతాయి. చప్పుడు బాగుంటుందని ఫిల్టర్ తీసి నడిపే అలవాటు ఈ ఊళ్లలో అసలు పనికిరాదు.

శక్తి పెంచేముందు బ్రేకులు పెంచాలి. ఈ వరుస తారుమారు చేసినవాడిని మంచి పనివాడని నేను ఒప్పుకోను. 37 హార్స్‌పవర్‌కు సరిపడేలా కట్టిన బండి అది. దాని బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్ బుష్‌లు, స్టీరింగ్ అన్నీ కొత్తగా చేసిన తర్వాతే టర్బో డబ్బా తెరవాలి.

ఇంతా చేశాక ఆ కారును రోడ్డెక్కించవచ్చా? కూడదు. ఇక్కడే మన కుర్రాళ్లు చిక్కుల్లో పడుతున్నారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో, చట్టం ఒప్పని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా రాకపోవచ్చు. ఈ చట్టం వెనకున్న భయం నిజమైనదే. జాతీయ రహదారి మీద కుటుంబంతో వెళ్లేవాడి పక్కన ఎవరో పరీక్షించని బండి 140 కిలోమీటర్ల వేగంతో పోకూడదు. నేను ఆ భయం పక్షానే ఉన్నాను.

కానీ చట్టం మూసిన తలుపు పక్కన ఇంకో తలుపు తెరవాలి. బ్రిటన్‌లో ఇంట్లో కట్టుకున్న ఒక్క కారునైనా ప్రభుత్వ తనిఖీ కేంద్రానికి తీసుకెళ్లి బ్రేకులు, లైట్లు, సీటుబెల్టు బిగింపులు, పొగ, శబ్దం అన్నీ చూపించి ఆమోదం తెచ్చుకోవచ్చు. జర్మనీలో చేసిన మార్పును తనిఖీ ఇంజనీరు చూసి కాగితాల్లో ఎక్కిస్తాడు. మనకు కొత్త మోడల్ తయారుచేసే కంపెనీలకు పుణె ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో పరీక్ష ఉంది. ఒంటరి మనిషికి, ఒకే కారుకు, అందుబాటు ఖర్చులో అలాంటి దారి లేదు. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధాకర్ తన చేత్తో చేసిన వంకాయ, షూ, క్రికెట్ బంతి ఆకారాల కార్లతో మ్యూజియమే పెట్టాడు. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ట్రైసైకిల్‌తో గిన్నిస్ రికార్డుకెక్కాడు. తెలుగువాడి చేతికి ఊహ తక్కువేమీ లేదని చెప్పడానికి ఆ మ్యూజియం చాలు. అలాంటి చేతులకు కావాల్సింది నేర్పే చోటు, పరీక్షించే చోటు.

ఇప్పుడున్న చట్టబద్ధమైన దారి రేసు ట్రాక్. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే మనకు రాత్రి ప్రయాణం దూరంలో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ వదులుకుని, కారును పూర్తిగా ట్రాకు కోసమే కట్టి, ట్రాలీ మీద తీసుకెళ్లి అక్కడ నడపవచ్చు. రోల్ కేజ్, మంటలార్పే సిలిండరు, హెల్మెట్ లేకుండా మాత్రం వద్దు. ఇంజనీరింగ్ విద్యార్థులైతే సుప్రా ఎస్ఏఈ ఇండియా, ఫార్ములా భారత్ పోటీల్లో జట్టుగా చేరి మొత్తం కారే కట్టవచ్చు. టర్బో లెక్కలు నేర్చుకోవడానికి అంతకు మించిన బడి లేదు.

కాబట్టి ఈ జిల్లా పెద్దలకు నా విన్నపం ఇది. పది లక్షల కార్లు తయారైన నేల మీద, ఇంటి కొట్టంలో పానా పట్టిన కుర్రాడికి ఒక షెడ్డు ఇవ్వండి. 1946లో పుట్టి 1948 నుంచి అనంతపురంలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ, ఇప్పటి జేఎన్టీయూ, ఆ షెడ్డుకు పెద్దదిక్కుగా నిలబడాలి. ఇంజను శక్తి కొలిచే ఒక డైనమోమీటరు, ఒక వైడ్‌బ్యాండ్ గేజీ, తప్పు చూపించి సరిదిద్దే ఒక అనుభవజ్ఞుడు, నెలకో ఆదివారం ఉంటే మొదలుపెట్టడానికి చాలు. రవాణా శాఖ అధికారులు అక్కడికి వచ్చి, ఏది భద్రమో ఏది కాదో ముఖాముఖి చెప్పాలి. ఒంటరిగా కట్టిన కారుకు తనిఖీ ఆమోదం ఇచ్చే నిబంధన కోసం మన ఎంపీలు ఢిల్లీలో అడగాలి. అమ్మానాన్నలకూ ఒక మాట. మీ పిల్లాడు నూనె చేతులతో పాత మారుతిని విప్పుకు కూర్చుంటే తిట్టకండి. బ్రేకులు ముందు చేయించమనండి, రోడ్డు మీదికి తీయొద్దని గట్టిగా చెప్పండి, ఆ కొట్టం మాత్రం వాడికే వదిలేయండి.